ఒక్క మాత్రతో రెండు జబ్బులూ పోతాయా?

మీ ఇంట్లోనూ ఒక మందుల డబ్బా ఉండే ఉంటుంది. పాత బిస్కెట్ల డబ్బానో, మూత వదులైన హార్లిక్స్ సీసానో... దాంట్లో సగం వాడి వదిలేసిన మాత్రల అట్టలు! ఏ జబ్బుకి తెచ్చామో గుర్తుండదు, పారేయడానికి మనసొప్పదు. ఇంట్లో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే చాలు, ముందు మన చెయ్యి ఆ డబ్బా మీదికే పోతుంది. అబద్ధమా చెప్పండి?

ఇంకో అలవాటు కూడా ఉంది మనకు. ఒంట్లో రెండు ఇబ్బందులు ఒకేసారి వచ్చాయనుకోండి. డాక్టరు దగ్గర ఒకటే చెప్తాం. రెండోది చెప్పడానికి సిగ్గో, మొహమాటమో, "ఇంకో మందు కూడా రాస్తారేమో, ఖర్చు" అన్న భయమో! పైగా "యాంటిబయాటిక్ ఇచ్చారు కదా, ఒంట్లో ఉన్న క్రిములన్నీ అదే చంపేస్తుందిలే" అని మనకు మనమే ధైర్యం చెప్పుకుంటాం.

మరి నిజంగా ఒక్క యాంటిబయాటిక్ రెండు జబ్బులకూ పనిచేస్తుందా? కొన్నిసార్లు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కొన్నిసార్లు అస్సలు పనిచేయదు. ఎప్పుడు ఏది అన్న తేడా తెలియక మా ఇంట్లో ఏం జరిగిందో ముందు చెప్తాను.

మా అత్తమ్మ కాలి వేలు

మాది అనంతపురం వైపు. ఇక్కడి ఎండలూ నీళ్ల కరువూ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. శెనక్కాయ పీకే రోజుల్లో ఆడవాళ్లు పొద్దున చేనికి పోతే సాయంత్రమే ఇల్లు చేరడం. చేనిలో చాటు ఉండదు కాబట్టి ఒంటికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లే తాగరు. తాగినా, వచ్చినదాన్ని ఆపుకుంటారు. అంచేత మా వైపు ఆడవాళ్లకు మూత్రంలో మంట అంటే ఇంటింటి సంగతే.

మా అత్తమ్మకు చాలా ఏళ్లుగా షుగరు. ఒక ఏడు శెనక్కాయ పీకుడప్పుడే ఆమెకు ఒంటికి వెళ్లేటప్పుడు మంట మొదలైంది. దగ్గర్లోని డాక్టరు చూసి నైట్రోఫ్యూరాంటాయిన్ అనే మాత్రలు రాశారు. అదే వారం చేనిలో ఆమె కాలికి ముల్లు దిగింది. చిటికెన వేలి పక్కన చిన్న గాయం. షుగరున్న కాలు కదా, నొప్పి సరిగా తెలియదు. పసుపు పెట్టి గుడ్డ కట్టుకుంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పనేలేదు.

కుంటుతోందని నేను చూశాను. "అత్తా, కాలు కూడా చూపించాల్సింది కదా" అన్నాను. "ఏం కాదులే అమ్మీ, ఆ మాత్రలే దీనికీ సాలు" అంది. నేనూ సరేలే అనుకున్నాను. అక్కడే తప్పు చేశాను. మూడో రోజుకు మంట తగ్గింది. మాత్ర బాగా పనిచేస్తోంది, ఇంక కాలు కూడా మానుతుందని ఇద్దరమూ సంతోషపడ్డాం. ఆరో రోజు రాత్రి చలిజ్వరం! గుడ్డ విప్పి చూస్తే పాదం ఎర్రగా వాచింది, చిటికెన వేలు నల్లబడింది.

పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. కాలు దక్కింది, వేలు తీసేశారు. అక్కడి డాక్టరమ్మ మా మాత్రల అట్ట తిప్పి చూసి చెప్పిన మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. "అమ్మా, ఇది మూత్రానికి మంచి మందే. కానీ ఇది తాగిన కాసేపటికే మూత్రంలోకి వెళ్లిపోతుంది. కాలి పుండు దాకా చాలినంత చేరదు. పుండు సంగతి ఆ డాక్టరుకు చెప్పి ఉంటే వేరే మందు రాసేవారు."

మందులో తప్పు లేదు, ఇచ్చినాయనలో తప్పు లేదు. రెండో మాట మేం చెప్పకపోవడమే తప్పు. ఆ రోజు నుంచీ ఈ విషయం అడిగీ, చదివీ తెలుసుకున్నదే మీకిప్పుడు చెప్తున్నాను.

కుక్కరు లెక్క

మనకు తెలిసిన భాషలో చెప్పుకుందాం. కుక్కరులో ఒక గిన్నెలో బియ్యం, ఇంకో గిన్నెలో కందిపప్పు పెడతాం. ఒకే మంట, ఒకే ఆవిరి, రెండూ ఉడుకుతాయి. కానీ అన్నానికి సరిపోయే కూతలతో దించేస్తే పప్పు పలుకులుగానే ఉంటుంది. ఇక కుక్కరులో ఎన్ని కూతలు పెట్టినా వడియాలు ఎండవు!

యాంటిబయాటిక్ కూడా అంతే. అది రెండు జబ్బులకూ పనిచేయాలంటే మూడు సంగతులు కుదరాలి.

ఒకటి: రెండు జబ్బులకూ కారణమైన సూక్ష్మక్రిములు ఆ మందుకు లొంగేవై ఉండాలి. జలుబు, ఫ్లూ, డెంగీ వంటివి వైరస్‌ల వల్ల వస్తాయి. వాటి మీద యాంటిబయాటిక్ పనిచేయదు. తామర వంటివి బూజు జాతి క్రిములవల్ల వస్తాయి. వాటికీ పనిచేయదు. చివరికి రెండూ బ్యాక్టీరియా జబ్బులే అయినా సరే, ఒకటి లొంగి ఇంకోటి లొంగకపోవచ్చు.

రెండు: మందు ఆ రెండు చోట్లకూ చాలినంతగా చేరాలి. మా అత్తమ్మ విషయంలో కుదరనిది ఇదే.

మూడు: మోతాదూ, రోజులూ రెండింటికీ సరిపోవాలి. సులువైన మూత్రపు ఇన్ఫెక్షన్ చాలాసార్లు కొద్ది రోజుల మందుతోనే పోతుంది. అదే స్ట్రెప్టోకాకస్ అనే క్రిమివల్ల వచ్చే గొంతునొప్పికి పెన్సిలిన్ జాతి మందు మామూలుగా 10 రోజులు వాడమంటారు. లేకపోతే పిల్లలకు కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఒక ఉదాహరణ చూడండి. పిల్లవాడికి గొంతు నొప్పి, కాళ్ల మీద చీము పుండ్లు. రెండింటికీ స్ట్రెప్టోకాకస్సే కారణమైతే ఒక్క మందుతో రెండూ తగ్గొచ్చు. కానీ పుండ్లకు చాలాసార్లు స్టెఫైలోకాకస్ అనే వేరే క్రిమి కారణం. మనకు బాగా అలవాటైన అమోక్సిసిలిన్‌ను విరిచేసే రసాయనాన్ని ఆ క్రిమి తానే తయారుచేసుకుంటుంది. అప్పుడు గొంతు తగ్గుతుంది, పుండ్లు అలాగే ఉంటాయి. చూశారా, పైకి ఒకేలా ఉన్నా లోపల ఎంత తేడానో!

మన తెలుగాయన ఉన్న ప్రయోగశాలలో...

ఒక్క మందు ఎన్నో రకాల క్రిముల మీద పనిచేయడమన్నది ఒకప్పుడు పెద్ద కల. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనిపెట్టిన పెన్సిలిన్ కొన్ని జాతుల క్రిములనే చంపేది. 1943లో వచ్చిన స్ట్రెప్టోమైసిన్ దానికి లొంగని మరికొన్నింటినీ, క్షయ క్రిమినీ చంపింది. రెండు వర్గాలనూ ఒక్కటే పట్టే మందు కోసం వెతుకులాట సాగింది.

అది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఫలించింది. అప్పుడక్కడ పరిశోధనలకు డైరెక్టరు ఎవరనుకున్నారు? భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు! ఆ సంస్థలో పనిచేస్తున్న బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయన, మిస్సోరీలోని ఒక పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందును తీశారు. రంగును బట్టే దానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు.

టెట్రాసైక్లిన్ అనే మందుల కుటుంబానికి అదే మొదటిది. ఈనాడు డాక్టర్లు రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. మన ప్రశ్నకు "అవును" అనే జవాబు ఈ డాక్సీసైక్లిన్ దగ్గరే బాగా కనిపిస్తుంది.

వానల తర్వాత జ్వరాలు

వానలు పడి పచ్చిక మొలిచాక పశువులకు గడ్డి కోయడానికి పోతాం కదా, అక్కడి పొదల్లో కంటికి కనిపించనంత చిన్న నల్లులుంటాయి. వాటి పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. 2025 చివర్లో మన రాష్ట్రంలో దీని పేరు పేపర్లలో బాగా వచ్చింది. కుట్టినచోట కొందరికి సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని మచ్చ పడుతుంది. అది చంకలోనో, రొమ్ము కిందో, నడుము దగ్గరో ఉంటే మనం చూసుకోం, చూసినా డాక్టరుకు చెప్పం!

నిలవ నీళ్లలో కలిసిన ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అని ఇంకో జ్వరం వస్తుంది. రెండింటికీ తలనొప్పి, ఒళ్లునొప్పులు, జ్వరం. డాక్సీసైక్లిన్ ఈ రెండింటికీ పనిచేస్తుంది.

ఇప్పుడు టైఫాయిడ్ తీసుకోండి. టైఫాయిడ్‌కు సెఫ్ట్రియాక్సోన్ అనే సూదిమందు వేస్తారు. అది లెప్టోస్పైరోసిస్‌కు కూడా పనిచేస్తుంది. కానీ స్క్రబ్ టైఫస్‌ను ఏమీ చేయలేదు! ఎందుకంటే ఆ సూదిమందు క్రిమి చుట్టూ ఉండే గోడను దెబ్బకొడుతుంది. స్క్రబ్ టైఫస్ క్రిమేమో మన కణాల లోపల దాక్కుంటుంది, దానికి అలాంటి గట్టి గోడ లేదు. ఖరీదైన సూదులు రోజూ వేయిస్తున్నా జ్వరం దిగలేదంటే, ఒంటి మీద నల్ల మచ్చ ఉందా, గడ్డికి పోయానా అన్న మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాట ప్రాణం కాపాడుతుంది.

అజిత్రోమైసిన్ అనే మందు టైఫాయిడ్‌కూ వాడతారు, స్క్రబ్ టైఫస్‌కూ వాడతారు. కానీ వాడే రోజులు వేరువేరు. గర్భిణులకు స్క్రబ్ టైఫస్ వస్తే డాక్టర్లు సాధారణంగా దీనివైపే మొగ్గుతారు. అందుకే నెల తప్పిన సంగతి దాచకూడదు.

చెప్పుకోలేని జబ్బులు

ఇక మన ఆడవాళ్ల సంగతికొద్దాం. తెల్లబట్ట గురించి డాక్టరు దగ్గర నోరు విప్పేవాళ్లు మనలో ఎంతమంది? కడుపునొప్పనో, నడుం నొప్పనో చెప్పి వచ్చేస్తాం.

కొంచెం తెల్లబట్ట అందరికీ సహజమే. వాసన, దురద, రంగు మార్పు ఉంటేనే జబ్బు. చేపల వాసన వచ్చే రకానికి మెట్రోనిడజోల్ మందు. జిగట విరేచనాలకు కారణమైన అమీబాకూ ఈ మందే! అయితే రెండింటికీ మోతాదు ఒకటి కాదు. అమీబాకైతే ఆ తర్వాత పేగుల్లో మిగిలినవాటిని చంపడానికి ఇంకో మందు కూడా కావాలి. అంచేత విరేచనాలకు తెచ్చిన మాత్రలు మిగిలాయని తెల్లబట్టకు వేసుకోవడం తగదు.

పెరుగు విరిగినట్టు తెల్లగా, విపరీతమైన దురదతో వచ్చే రకం బూజు జాతి క్రిమి వల్ల. దానికి ఏ యాంటిబయాటిక్కూ పనిచేయదు. పైగా యాంటిబయాటిక్ వాడాకే అది మొదలవ్వొచ్చు! మన ఒంట్లో మంచి చేసే క్రిములు కూడా ఉంటాయి. మందు చెడ్డవాటితో పాటు వాటినీ చంపితే ఈ బూజు జాతి పెరిగిపోతుంది. మూత్రంలో మంటకు మందు వేసుకుంటే మంట పోయి దురద వచ్చిందని మా వీధిలో ఒకామె బాధపడింది. "అదే మందు ఇంకో నాలుగు రోజులు వేసుకుందామా" అని కూడా అనుకుంది. వేసుకుని ఉంటే దురద ఇంకా పెరిగేది!

నెలకొకసారి, రోజుకొకసారి

ఒకే మందు రెండు జబ్బులకూ పనిచేసినా ప్రమాదం తెచ్చే సందర్భం కూడా ఉంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ మందే కుష్ఠుకూ వాడతారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన కుష్ఠు వైద్యంలో దాన్ని వేరే మందులతో కలిపి నెలకొకసారి ఇస్తారు. క్షయకైతే మరికొన్ని మందులతో కలిపి రోజూ ఇస్తారు.

కుష్ఠుకు మందు వాడే మనిషికి దగ్గు కూడా ఉందనుకోండి. ఆ దగ్గు సంగతి చెప్పకపోతే, అది క్షయే అయితే, నెలకొక్కసారి పడే ఆ మందు క్షయ క్రిమిని చంపలేదు సరికదా, మందుకు తట్టుకోవడం నేర్పుతుంది! ఆ తర్వాత మామూలు క్షయ మందులు కూడా పనిచేయకుండా పోవచ్చు. ఇంకో మాట. రిఫాంపిసిన్ వాడేటప్పుడు గర్భం రాకుండా వేసుకునే మాత్రలు సరిగా పనిచేయవు. అవి వాడే అమ్మాయిలు తప్పకుండా చెప్పాలి.

హెచ్.ఐ.వి., క్షయ కలిసి వచ్చినవాళ్లకు కూడా అంతే. క్షయ మందు హెచ్.ఐ.వి.ని తగ్గించదు. రెండింటికీ వేరువేరు మందులు కావాలి, ఒకదానితో ఒకటి తగువు పడకుండా చూసుకోవాలి. బత్తలపల్లి ఆర్.డి.టి. ఆసుపత్రి లాంటి చోట్ల ఈ రెండింటికీ ఒకే చూరు కింద వైద్యం చేయడం అందుకే.

రెండు మందుల మాత్రలు

"ఒకే మాత్రలో రెండు మందులు కలిపినవి దొరుకుతాయి కదా" అంటారేమో. దొరుకుతాయి. కొన్ని అవసరమైనవే. కానీ అవసరం లేకుండా కలిపినవి కూడా బోలెడు. 2018 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం అలాంటి 328 రకాల మిశ్రమాలను నిషేధించింది. వాటిలో యాంటిబయాటిక్స్ కలిపినవీ ఉన్నాయి. రెండు మందులుంటే రెట్టింపు మేలనుకోకండి, అక్కర్లేని మందు అక్కర్లేని బాధలే తెస్తుంది.

డాక్టరు దగ్గరికి బయల్దేరేముందు

* ఒంట్లో ఉన్న ఇబ్బందులన్నీ ఒక చీటీ మీద రాసుకోండి. నోటితో చెప్పడానికి సిగ్గయితే చీటీ చేతికివ్వండి. రాయడం రాకపోతే కూతురితోనో కోడలితోనో రాయించుకోండి.

* షుగరు, కిడ్నీ జబ్బు, గర్భం, పాలిచ్చే బిడ్డ, ఇంతకుముందు ఏ మందైనా పడకపోవడం... ఇవి అడక్కపోయినా చెప్పండి.

* వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకుపోండి. "ఎర్ర మాత్ర, తెల్ల మాత్ర" అంటే ఎవరికీ అర్థం కాదు.

* "ఈ మందు నా రెండో ఇబ్బందికి కూడా పనిచేస్తుందా? ఎన్ని రోజులు వాడాలి?" అని అడగండి. అడిగితే తప్పేం లేదు.

* ఒకటి తగ్గి రెండోది రెండు, మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే మళ్లీ వెళ్లండి. షుగరున్నవాళ్ల కాలి పుండుకు మాత్రం ఆ రెండు రోజులు కూడా ఆగొద్దు.

* అట్ట మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు. ముఖ్యమైన చాలా యాంటిబయాటిక్స్‌కు 2014 మార్చి నుంచి నిబంధనలు ఇంకా గట్టిపడ్డాయి. షాపాయన మొహమాటానికి ఇచ్చినా మనం తీసుకోవద్దు.

* మిగిలిన మాత్రలు దాచొద్దు, పక్కింటామెకు అప్పివ్వొద్దు. చక్కెర, కాఫీపొడి అప్పిచ్చినట్టు కాదు సుమా ఇది!

ఇక బార్లీ నీళ్లు, మజ్జిగ, పలచటి రాగి అంబలి... ఇవి ఎండల్లో ఒంట్లో నీరు తగ్గకుండా చూస్తాయి, మూత్రం ఆపుకోకుండా ఉంటే మంట రాకుండా కొంత కాపాడతాయి. చేనికి పోయేటప్పుడు నీళ్ల సీసా మరవకండి. కానీ ఇన్ఫెక్షన్ వచ్చాక వాటితోనే సరిపెట్టుకోవద్దు.

మా అత్తమ్మ ఇప్పుడు బాగానే ఉంది. చెప్పులు లేకుండా వాకిట్లోకి కూడా దిగదు. డాక్టరు దగ్గరికి పోయినప్పుడల్లా చీటీ నా చేత రాయిస్తుంది. మొన్న ఆఖర్న ఇంకో మాట కూడా చేర్చమంది. "ఏందత్తా అది?" అంటే కాసేపు నసిగి, "ఆరేళ్ల నుంచి ఉండాది, ఎవురికీ చెప్పలేదు" అంది. రాశాను. డాక్టరమ్మ చదివి, చూసి, చిన్న మందే రాసింది. పది రోజుల్లో తగ్గిపోయింది!

ఆరేళ్లు భరించింది, ఒక్క మాట చెప్పలేక. మీ చీటీలో కూడా అలాంటి మాట ఒకటి మిగిలిపోయిందేమో... ఈసారి రాసేయండి.